చిలక నోట సెట్టి బేరం

నీ మాటను ఇంకొకరి నోట పెట్టి, పూచీ దులుపుకునేవాడా, విను!

గుండప్ప సెట్టి కొత్తగా మాటలు నేర్చిన చిలకను కొని, బేరాలన్నీ దానిచేతే చెప్పించేవాడు. రాచపెళ్లికి చీరలు నేయమనీ, అంచున తన ఊరి పేరు వేసుకోమనీ నేతగత్తె గౌరమ్మకు చిలకే వచ్చి చెప్పింది. పట్టు అంచులో ఊరి పేరు చూసుకుని గౌరమ్మ గర్వంతో పొంగిపోయింది.

చీరలు చూసి సెట్టి, “ఆ పేరు కత్తిరించెయ్, ఎక్కడ నేసినవో కోటకు తెలియకూడదు,” అన్నాడు.

“మీరే వేయమన్నారుగా, సెట్టిగారూ?”

“చిలక కూసిన కూతకు నేనా పూచీ?”

“కాదా? అయితే చీరలు నేయమన్నదీ చిలకే. మీరు అడగనివి మీకెందుకు?”

గౌరమ్మ మూట తలకెత్తుకుని నేరుగా కోటకు నడిచింది. రాణి ఊరి పేరు చదివి మరీ చీర కట్టుకుంది.

సెట్టికి కోట బేరం పోయింది. ఆపైన తువ్వాలు కావాలన్నా గౌరమ్మ మగ్గం ముందు వంగి, తన నోటితోనే అడగాల్సి వచ్చింది.