ఇంగ్లండు పెట్టె, ఇటలీ పెట్టె

గుమ్మలూరు రాజావారికి ఉన్నట్టుండి ఐరోపా చూడాలనిపించింది. వెంటనే సభలో ఒక పరీక్ష పెట్టారు.

"ఇంగ్లండుకీ వెళ్తాం, ఇటలీకీ వెళ్తాం. రెండుచోట్లా మాకు తప్పనిసరిగా కావలసినదొకటి చెప్పండి. సరిగ్గా చెప్పినవారు మాతో ఓడెక్కుతారు."

సభలో చమత్కారానికి జీతం తీసుకునే పేరిందేవి గుండె గంతేసింది. ఓడెక్కాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. ఇంతవరకూ ఆమె చేసిన జలయాత్ర ఒక్కటే, పడవలో గోదావరి దాటడం. ఆ కాస్త దూరానికే మూడుసార్లు వాంతి చేసుకుంది. అయినా ఆశ చావలేదు.

అవతారం పంతులు లేచాడు. రెండు దేశాల్లోనూ ఏడాదేసి ఉండి వచ్చినవాడు. ఆ సంగతి రోజుకోసారి చెప్పుకోనిదే అతనికి అన్నం సయించదు.

"ప్రభూ, ఇంగ్లండుకి గొడుగు, ఉన్నికోటు. ఇటలీకి ఎండటోపీ, పల్చటి చొక్కాలు. రెంటికీ కలిపి ఒకటంటూ ఉండదు. పడవెక్కితేనే కళ్ళు తేలేసేవాళ్ళకి ఇవేం తెలుస్తాయి?"

సభ నవ్వింది. అందరికంటే గట్టిగా పేరిందేవి నవ్వింది.

"నిజమే పంతులుగారూ, తెలియకే అడుగుతున్నా. లండన్లో మీ కోటు గుండీ ఊడితే ఎవరు కుట్టారు?"

"మేమున్న ఇంటావిడ."

"రోములో మీ పల్చటి చొక్కాలు?"

"ఇంటివాళ్ళ ముసలమ్మ ఉతికేది."

"మరి వంట?"

"లండన్లో ఇంటావిడే. రోములో ముసలమ్మ కోడలు..." అని పంతులు నాలుక్కరుచుకున్నాడు.

పేరిందేవి రాజావారి వైపు తిరిగింది.

"రెండు దేశాల్లోనూ కావలసింది ఆడమనిషి, ప్రభూ. పెట్టెలో పట్టదు కనక పంతులుగారి జాబితాకెక్కలేదు."

రాజావారు తమ అంగరఖా గుండీల వంక చూసుకున్నారు. పొద్దున అవి పెట్టిందెవరో గుర్తొచ్చి సిగ్గుపడ్డారు.

"గెలిచావు. అయితే వచ్చి మా బట్టలు నువ్వే ఉతుకు."

పేరిందేవి గుండె జారింది. ఇంత తెలివీ తిన్నగా చాకిరేవుకే తీసుకుపోయిందే!

"చిత్తం. కానీ నేనుతికితే తెల్లపంచె కాషాయమైపోతుంది, ప్రభూ. మా ఆయన సన్యాసం పుచ్చుకున్నారనుకుని ఊళ్ళోవాళ్ళొచ్చి కాళ్ళకి మొక్కారు. తమరికీ మొక్కించమంటారా?"

రాజావారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"పేరిందేవికి ఓడలో మొదటి తరగతి గది. పంతులుగారూ వస్తారు, ఆయనకో సబ్బుబిళ్ళ. మాకూ ఒకటి పెట్టండి, ఓడ దిగేలోగా నేర్చుకుంటాం!"