కడిగిన ముఖం

శరభకి ఆ రోజు కాళ్లు నేల మీద నిలవడం లేదు. అంత సంతోషం. ఆ సంతోషానికి ఒకటే అడ్డం, అది గురువుగారు.

శరభ పగటివేషాలు కట్టే జట్టులో పుట్టి పెరిగినవాడు. వేషం చూసి బజారంతా నవ్వడం, నాలుగు గింజలు అడిగేసరికి తలుపులు మూసుకోవడం చిన్నప్పటినుంచీ ఎరిగినవాడు. కొంతకాలంగా తన వేషాలు ఫోనులో తీసి పెడుతున్నాడు. చూసేవాళ్లు కొద్దిమందే. అలాంటివాడికి ఓ నొప్పుల నూనె కంపెనీ నుంచి ఫోనొచ్చింది. మా నూనె మీద ఒక్క వీడియో చేయండి, డబ్బిస్తాం అన్నారు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఫోను చేసిన అమ్మాయి "సర్" అంది. పుట్టి బుద్ధెరిగాక శరభని ఎవరూ సర్ అనలేదు పాపం.

వేషంలో ఉండగా డబ్బు ముట్టకూడదని గురువు బసవలింగం పెట్టిన కట్టుబాటు. ఊళ్లో వేషాలన్నీ అయ్యాక, ముఖం కడుక్కుని, సొంత ముఖంతో ఇల్లిల్లూ తిరిగి పుచ్చుకోవాలి. ఎందుకని అడిగితే ఆయన చెప్పడు. ఆయనతో వాదించే ధైర్యమూ ఎవరికీ లేదు. ఓసారి ఆయన హెడ్ కానిస్టేబుల్ వేషం కడితే, ఆ హెడ్డుగారి కుక్క తన యజమానే అనుకుని ఆయన వెంటే స్టేషను దాకా నడిచింది. ఊరంతా నవ్వుకుంది గానీ హెడ్డుగారు మాత్రం నవ్వలేదు.

శరభ తెలివైనవాడు కదా, బాగా ఆలోచించుకునే గురువు దగ్గరికి వెళ్లాడు. వేషం కట్టడం లేదు అయ్యవారూ, వాళ్లకి నా ముఖమే కావాలట, కడిగిన ముఖంతోనే పుచ్చుకుంటాను, మీ మాట దాటినట్టు కాదు కదా అని విడమరిచి చెప్పాడు.

బసవలింగం తమలపాకుకి సున్నం రాస్తున్నాడు. ఏం చెప్పాలట అని అడిగాడు.

శరభ నడుం మీద చెయ్యి వేసుకుని, కాస్త వంగి చెప్పాడు. "ఏడాదిగా నడుం నొప్పి. నిద్ర లేదు. ఇంట్లో చెప్తే బెంగపడతారని దాచుకున్నాను. ఈ నూనె రాశాకే లేచి తిరుగుతున్నాను."

శరభకి నడుం నొప్పి ఏనాడూ లేదు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు గురువు.

చెప్పాడు. సున్నం రాసే వేలు ఆగిపోయింది. గురువు అతని ముఖాన్ని, మెడని, నడుం మీది చేతిని చూస్తున్నాడు. ఆ చూపు శరభకి తెలుసు. ఎవరి వేషమైనా కట్టబోయే ముందు ఆయన వాళ్లని అలాగే చూస్తాడు.

"సరే, వెళ్లిరా," అన్నాడు గురువు. వద్దనలేదు కదా అని శరభ తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

బస్టాండుకి పోయి, కంపెనీ పంపిన నూనె సీసా తీసుకుని ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. కరెంటు లేదు. లోపల చిన్న దీపం వెలుగుతోంది. గుమ్మం దాటబోతూ శరభ ఆగిపోయాడు. లోపల తన గొంతు వినిపిస్తోంది.

"ఇంట్లో చెప్తే బెంగపడతారని దాచుకున్నాను."

గోడకి చేరగిలబడి ఒకడు కూర్చున్నాడు. దండెం మీద ఉండాల్సిన శరభ గళ్ల చొక్కా, నడుం మీద చెయ్యి, అదే వంపు. శరభ భార్య గిరిజ పొయ్యి దగ్గర ఉప్పు మూట వేడిచేస్తోంది. ఏడాదిగా పక్కనే ఉండి కూడా తెలుసుకోలేకపోయాను, నేనేం పెళ్లాన్ని అని కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

"గిరిజా," అన్నాడు శరభ.

ఆమె తలెత్తి, గుమ్మంలో ఉన్న మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"అచ్చం మా ఆయనే, మామా," అంది, గురువుని పిలిచే వరసతో. "కానీ ఇవాళ వేషాలొద్దు. ఆయనకి ఒంట్లో బాగాలేదు."

శరభ గడప దాటి లోపలికొచ్చాడు. నేనే, నీ మొగుణ్ణే అన్నాడు. గొంతు కూడా బాగా పట్టారు మామా అంది ఆమె. పెళ్లినాటి సంగతులు చెప్పాడు. అవి మామకి తెలియనివా? కూర్చున్నవాడు చిన్నగా మూలిగితే ఆమె అటు తిరిగిపోయింది. శరభకి నిజంగానే భయమేసింది. తను తనేనని చూపించుకోవడానికి ఇంకేం మిగిలిందో వెతుక్కున్నాడు.

"నాకు నడుం నొప్పి లేదు గిరిజా," అన్నాడు చివరికి. "ఎప్పుడూ లేదు."

కూర్చున్నవాడు లేచాడు. వాకిట్లో బొక్కెన దగ్గరికి పోయి దోసిటితో నీళ్లు ముఖాన కొట్టుకున్నాడు. తలెత్తేసరికి బసవలింగం. గిరిజ చేతిలోని ఉప్పు మూట కింద పడింది.

గురువు చొక్కా విప్పి దండెం మీద వేశాడు. చెంబు ముంచి శిష్యుడికి అందించాడు.

"నువ్వూ కడుక్కో."

శరభ ముఖాన రంగు చుక్క కూడా లేదు. అయినా కడుక్కున్నాడు. జేబులో ఫోను మోగింది. తీయలేదు. ఇంకోసారి కడుక్కుని, తల తుడుచుకోకుండానే గిరిజ వైపు చూశాడు.

ఆమె దీపం ఎత్తి పట్టుకుని ఇంకా అతన్నే చూస్తోంది.