పైడితల్లి ఓడ వాటా

పూర్వం ఒక రేవు పట్నంలో జనం ఓడల్లో వాటాలు కొని, ఆ పత్రాలు దళారుల దగ్గర ఉంచేవారు. వలలు అల్లుకునే పైడితల్లి, దళారి గవరయ్య గుంజే నెల రుసుము భరించలేక తన వాటాను ఎదురు వీధి దళారికి మార్చుకుందామనుకుంది.

అడిగినప్పుడల్లా గవరయ్య మీసం దువ్వుకుంటూ, "పత్రం వెతకాలమ్మా, వచ్చే పున్నమికి రా" అనేవాడు. పత్రం తన దగ్గరున్నన్నాళ్లూ రుసుము తనదే కదా మరి. అలా ఏడు పున్నములు గడిచాయి.

ఎనిమిదో పున్నమికి పైడితల్లి వచ్చి తీరిగ్గా అరుగు మీద చతికిలబడింది.

"దొరక్కపోతే పోనీలెండి గవరయ్యగారూ. తెరచాప కొయ్య విరిగితే ఖర్చు వాటాదారుడిదేనటగా? పత్రం కనబడని వాటాకి దళారే వాటాదారుడని రేవు కట్టుబాటట. నిజమేనా?"

విరిగిన కొయ్య ఖర్చు తన నెత్తిన పడుతుందనుకున్నాడు గవరయ్య. రెప్పపాటులో పెట్టె అడుగునుంచి పత్రం లాగి ఆమె చేతిలో పెట్టి, "ఇదిగో, నీ పేరే ఉంది. వాటా నీది, నాకేం సంబంధం లేదు" అన్నాడు నలుగురూ వినేలా.

పైడితల్లి పత్రం రొంటిన దోపుకుని మెట్లు దిగింది.

"ఇంతకీ కొయ్య ఎప్పుడు విరిగింది?" అన్నాడతను.

"విరిగిందని నేనెక్కడన్నాను బాబూ? మీ పెట్టెలో పత్రం దొరకాలంటే ఎంత గాలి వీచాలో చూశానంతే" అంటూ ఆమె ఎదురు దళారి అరుగెక్కేసింది.