చంద్రకాంతం లైబ్రరీ కార్డు

గుత్తులపాలెంలో బుర్ర ఉన్న ఇల్లు ఏదని ఎవరినడిగినా వెంటనే చెప్పలేరు. కాసేపు గడ్డం గోక్కుంటారు. గవర్రాజు ఇంట్లోవాళ్ళు మాత్రం గోక్కోరు. "మాదే" అంటారు. అడక్కపోయినా అంటారు.

ఎందుకనరు? వానొస్తే ఊరంతా తమ నెత్తిన గొడుగు పట్టుకుంటుంది. గవర్రాజు వెళ్ళి నూతి మీద గొడుగు పడతాడు. "మనం తడిస్తే తుడుచుకుంటాం. నీళ్ళు తడిసిపోతే ఎవరు తుడుస్తారు?" అంటాడు. ఆయన భార్య మంగతాయారు పాలు పొంగిపోకుండా ఉండాలని పాలగిన్నె పెట్టి పొయ్యి ఆర్పేస్తుంది. పెద్దకొడుకు నాగభూషణం సైకిలుకి తాళం వేసి, తాళంచెవి ఎక్కడైనా పడిపోతుందేమోనని తాళానికే ఉంచేశాడు. సైకిలు పోయింది. "పోతే పోయింది. తాళంచెవి ఎక్కడుందో మాత్రం మనకి తెలుసు" అన్నాడు చిన్నకొడుకు పుల్లారావు. అవును కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఇంటికి తగ్గ కోడలు నాగభూషణం భార్య చంద్రకాంతం. పదో తరగతి పాసైంది. అక్షరం తప్పు లేకుండా చదువుతుంది. అర్థం మాత్రం అక్షరం దాటి పోనివ్వదు.

ఆమెకి ఒకటే దిగులుండేది. ఇంట్లో రేషన్ కార్డు మావగారి పేర ఉంది. గ్యాసు అత్తగారి పేర ఉంది. కరెంటు మీటరు ఎప్పుడో పోయిన తాతగారి పేర ఉంది. పోయినవాళ్ళకి కూడా ఒకటుంది గానీ తనకి ఏమీ లేదు. ఊళ్ళో కొత్తగా గ్రంథాలయం తెరిచాక ఆ దిగులు తీరింది. నీలంరంగు అట్ట ముక్క మీద ఆమె ఫొటో అంటించి, కింద ఆమె పేరు రాసి ఇచ్చారు. ఆ కార్డుని చంద్రకాంతం దేవుడి పటం పక్కన పెట్టి రోజూ బొట్టు పెట్టేది. ఫొటోలో మొహం బొట్ల కింద మునిగిపోయినా పేరు మాత్రం బయటికి ఉంచేది.

గ్రంథాలయం చూసేది త్రివిక్రమరావుగారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎవరైనా పుస్తకం తీసుకుంటే ఆదివారం పాఠకుల సమావేశంలో లేచి తమ స్పందన చెప్పాలి. అది ఆయన పెట్టిన రూలు. ఊళ్ళో చాలామంది ఆ రూలు విన్నాక మళ్ళీ అటు వెళ్ళలేదు.

చంద్రకాంతం వెళ్ళింది. ఆయన చాలా సంతోషించి ఒకేసారి మూడు నవలలు చేతిలో పెట్టారు.

"ఇది ఫాంటసీ. ఇది హారర్. ఇది డిస్టోపియా."

"మూడోది ఏంటండీ?"

"రాబోయే చెడ్డకాలం అమ్మా."

"అయ్యో, తెలిసి తెలిసి ఇంటికి తీసుకెళ్ళమంటారా?"

"తీసుకెళ్ళాలి. ఊరికే చదివి పక్కన పడేస్తే లాభం లేదు. ఈ కథలు నీ ఇంట్లో జరుగుతున్నట్టు ఉండాలి. ఇంట్లో ఏం జరిగిందో అది చెప్పు, అదే స్పందన. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. స్పందన చెప్పకపోయినా, పుస్తకం పాడైనా కార్డు రద్దు."

కార్డు రద్దు అనేసరికి చంద్రకాంతం ఇంక అక్కడ నిలబడలేదు. మూడు పుస్తకాలూ గుండెకి అదుముకుని ఇంటికొచ్చి, భోజనాలయ్యాక అందరినీ వసారాలో కూర్చోబెట్టి పరిస్థితి చెప్పింది.

"ఇంట్లో జరగాలన్నారా?" అన్నాడు గవర్రాజు. "జరిపిద్దాం. అయిదుగురం ఉన్నాం, ఆ మాత్రం చెయ్యలేమా?"

మొదట ఫాంటసీ చదివింది. అందులో ఒక మంత్రగత్తె యువరాజుని పక్షిగా మార్చేస్తుంది. ఎవరైనా గుర్తుపట్టి పట్టాభిషేకం చేస్తే ఆ శాపం పోతుంది. చంద్రకాంతం అంతవరకు చదివి తలెత్తేసరికి ఇంటి పుంజు పెరట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. నెత్తిన ఎర్రటి కిరీటం. ఛాతీ ముందుకి. ఎవరినీ లెక్కచెయ్యని చూపు.

అందరూ లేచి నిలబడ్డారు.

"నడక చూస్తే నాకు మొదట్నుంచీ అనుమానమే" అంది మంగతాయారు.

"పొద్దున్నే అందరినీ లేపేది కూడా ఆయనే" అన్నాడు నాగభూషణం. "రాజ్యభారం ఉన్నవాళ్ళకి నిద్రెక్కడ పడుతుంది?" అంతలో అతని మొహం పాలిపోయింది. "అమ్మా, మరి కోళ్ళు రాణులే కదా. ఇన్నాళ్ళూ మనం ఆమ్లెట్లు వేసుకుంది ఎవరిని?"

పుల్లారావు పొద్దున రెండు తిన్నాడు. వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

చేసిన పాపానికి విరుగుడు పట్టాభిషేకమే. అంతే, పుంజుని పట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. మంగతాయారు తన పెళ్ళిపట్టు చీర కప్పింది. "యువరాజా, తమరు కాస్త ఓర్చుకోవాలి" అని గవర్రాజు చెంబుడు చన్నీళ్ళు నెత్తిన కుమ్మరించాడు. ఇంకేముంది, యువరాజు ఒక్క ఎగురు ఎగిరి మావగారి బట్టతల ఎక్కి, అక్కడ నాలుగు పొడుపులు పొడిచి, పట్టుచీరతో సహా గోడ దూకి వెళ్ళిపోయాడు.

"రాజ్యం వద్దని వెళ్ళిపోయాడు" అన్నాడు గవర్రాజు, నెత్తిన పసుపు అద్దించుకుంటూ. "ఎంత వైరాగ్యం."

"నా చీర వద్దనలేదే" అంది మంగతాయారు.

చంద్రకాంతం మాత్రం లోలోపల కుదుటపడింది. ఒక స్పందన అయింది. కార్డు మూడోవంతు నిలబడినట్టే.

మర్నాడు హారర్ మొదలెట్టింది. అందులో ఒక కుటుంబం. అందులో ఒకరు దెయ్యం. మిగతావాళ్ళతో కలిసి తింటుంది, తిరుగుతుంది, కబుర్లు చెబుతుంది. గుర్తుపట్టడానికి ఒకటే ఆనవాలు, అద్దంలో కనిపించదు.

వసారా స్తంభానికి మేకు మీద అరచెయ్యంత అద్దం వేలాడుతోంది. మంగతాయారు లేచి ముక్కు ఆనించి చూసుకుంది. అద్దం నిండా ఆమె మొహమే.

"నేనున్నాను" అని గట్టిగా చెప్పింది. మళ్ళీ చూసింది. ఆమె గొంతు తగ్గిపోయింది. "మీరెవరూ లేరు."

గవర్రాజు ఆమెని పక్కకి నెట్టి తను చూసుకున్నాడు. "ఉన్నది నేను. లేంది నువ్వు." తర్వాత నాగభూషణం చూశాడు. అతనొక్కడే ఉన్నాడు. పుల్లారావు చూస్తే పుల్లారావొక్కడే ఉన్నాడు. చంద్రకాంతం భయంభయంగా చూసుకుంది. బొట్టు, ముక్కుపుడక, రెండు కళ్ళు, అన్నీ తనవే. భర్త లేడు. అత్తమామలు లేరు. మరిది లేడు. నలుగురు దెయ్యాలకి ఇన్నాళ్ళూ వండిపెట్టింది.

అంతే, అయిదుగురూ తలో మూలకి పోయి వీపు గోడకి ఆనించి కూర్చున్నారు.

"పెళ్ళినాడే అనుకున్నాను" అంది మంగతాయారు తన మూలలోంచి. "మనిషన్నవాడు అన్ని గారెలు తినడు."

"నువ్వు నడిస్తే చప్పుడవదు. నేనూ ఎప్పట్నుంచో చూస్తున్నాను" అన్నాడు గవర్రాజు.

"ఏవండీ, మీరు దెయ్యమైతే ముందే ఒక మాట చెప్పాల్సింది. ఏం చేస్తారని మా నాన్న అడిగినప్పుడు స్టీలు కొట్టులో పని అన్నారు" అంది చంద్రకాంతం.

"దెయ్యంతో నాకు మాటలేంటి?" అన్నాడు నాగభూషణం.

సాయంత్రం దాకా ఎవరి ఏడుపు వాళ్ళేడ్చారు. ఆకలేస్తోంది గానీ దెయ్యం వండింది తినడానికి ఎవరూ సిద్ధంగా లేరు. చివరికి పుల్లారావుకి ఉపాయం తట్టింది. వెళ్ళి అద్దాన్ని స్తంభం వైపు తిప్పేసి, అందరినీ వరసగా నిలబెట్టి చూడమన్నాడు. అద్దంలో ఎవరూ లేరు.

"ఇప్పుడు అందరం దెయ్యాలమే. ఇంక ఎవరికి ఎవరు భయపడాలి?"

ఇంటిల్లిపాదీ వాణ్ణి దగ్గరికి తీసుకుని మెచ్చుకున్నారు. ఇలాంటి బుర్ర ఇంకే ఇంట్లో ఉందని అడిగారు. అందరూ కలిసి పులిహోర తిన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. దెయ్యాలు గుమ్మాల్లోంచి నడవవు, గోడల్లోంచి దూసుకుపోతాయి అని పుస్తకంలో ఉందని చంద్రకాంతం గుర్తుచేసింది. పుల్లారావు పరిగెత్తుకెళ్ళి గోడకి గుద్దుకున్నాడు. నుదురు బొప్పి కట్టింది. "వాడు చిన్న దెయ్యం, అందుకే" అని నాగభూషణం వసారాకీ వంటింటికీ మధ్యనున్న తాటాకు తడిక చూసుకుని దూకాడు. ఇంకేముంది, తడిక అవతల తేలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టాక చూస్తే వంటింట్లో ఆవకాయకి నరికి పెట్టుకున్న మామిడికాయ ముక్కల మీద తడికంతా కూలి, ముక్కలన్నీ మట్టిలో కలిసిపోయాయి. మిగిలింది కారం, ఆవపిండి, ఉప్పు, మూత బిగించిన నూనె డబ్బా, ఖాళీ జాడీ.

"ఈ ఏడు ఆవకాయ లేదు" అంది మంగతాయారు. దెయ్యం సంగతి విన్నప్పుడు కూడా ఆమె మొహం అంత నల్లబడలేదు.

చంద్రకాంతం మాత్రం వేళ్ళు మడిచి చూసుకుంది. రెండో స్పందన కూడా అయింది. కార్డుకి ఇంకొక్క గండమే ఉంది.

మూడోది డిస్టోపియా. శనివారం మధ్యాహ్నం చదివింది. రాబోయే కాలంలో అధికారులు ఇల్లిల్లూ తిరిగి పుస్తకాలు పట్టుకుపోయి సముద్రంలో ముంచేస్తారు. చివరి పేజీలో ఒక ముసలావిడ చచ్చిపోతూ "వీటిని పాడవకుండా దాచండి, వచ్చే తరాలకి అందాలి" అంటుంది.

"రాబోయే కాలం అంటే ఎప్పుడే?" అన్నాడు గవర్రాజు.

"ఇంకా రాలేదు, మావయ్యగారూ."

"ఇవాళ కాదన్నమాట. అయితే రేపే."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందో లేదో వీధి గుమ్మం దగ్గర సైకిలు బెల్లు మోగింది. త్రివిక్రమరావుగారు. ఖాకీ సంచీ, దళసరి కళ్ళద్దాలు. "అమ్మా చంద్రకాంతం, రేపు ఆదివారం. పుస్తకాలు తెచ్చెయ్యాలి. లేకపోతే నేనే వచ్చి పట్టుకుపోతాను" అని నవ్వుతూ చెప్పి వెళ్ళిపోయారు.

నవ్వడం చూసి వీళ్ళకి మరీ వణుకు పుట్టింది.

"ఆయనే" అన్నాడు నాగభూషణం.

"సంచీ కూడా తెచ్చుకున్నాడు, వదినా" అన్నాడు పుల్లారావు.

చంద్రకాంతం పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. తీసుకెళ్ళి ఇస్తే సముద్రంలో ముంచుతారు. ఇవ్వకపోతే కార్డు పోతుంది. దాచిన చోట పాడైనా కార్డు పోతుంది. అటకమీద పెడదామంటే ఎలకలు. పాతిపెడదామంటే చెమ్మ. గడ్డివాములో పెడదామంటే గేదె చదువుకున్నది కాదు, తినేస్తుంది.

గవర్రాజు నుదుటికి వేలు ఆనించి ఆలోచించాడు. "అసలు మనింట్లో ఏడాది పొడుగునా పాడవకుండా ఉండేది ఏది?"

"ఆవకాయ" అంది మంగతాయారు.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కారం ఉంది. ఆవపిండి ఉంది. జాడీ ఖాళీగా ఉంది. ఇంకేముంది.

"అత్తయ్యగారూ, పాడైతే నా కార్డు పోతుందండీ" అంది చంద్రకాంతం కాస్త వెనకాడుతూ.

మంగతాయారుకి కోపం వచ్చింది. "ఈ ఇంటికొచ్చాక నేను పెట్టిన ఆవకాయ ఎప్పుడైనా పాడవడం చూశావా? బూజు పట్టడం చూశావా?"

చంద్రకాంతం చూడలేదు. ఉన్నమాట ఒప్పుకోవాలి కదా. ఒప్పుకుంది.

కత్తిపీట తీశారు. నాగభూషణం నరుకుతుంటే మంగతాయారు పక్కన కూర్చుని అజమాయిషీ చేసింది. "ప్రతి ముక్కకీ అట్ట ఉండాలిరా. మామిడి ముక్కకి టెంకలాగ. టెంక లేకపోతే పదిరోజుల్లో మెత్తబడిపోతుంది." అట్ట లేని కాగితాలన్నీ ఏరి పక్కన పెట్టింది. పుల్లారావు కారం, ఆవపిండి, ఉప్పు కలిపాడు. ముక్కల్ని నూనెలో ముంచి, పొడిలో పొర్లించి, జాడీలో పేర్చారు. ఫాంటసీ అడుగున, హారర్ మధ్యన, డిస్టోపియా పైన. మీద నూనె పోసి, మూత పెట్టి, వాసెన గుడ్డ కట్టారు.

"ఇప్పుడు సముద్రంలో పడేసినా నీళ్ళు దిగవు" అన్నాడు గవర్రాజు. "అయినా ఆవకాయ ఎవరైనా అడిగి పుచ్చుకుంటారు గానీ, లాక్కుపోవడం నేనెక్కడా వినలేదు."

ఆదివారం ఉదయం గ్రంథాలయంలో బల్లల మీద ఒక పదిమంది కూర్చున్నారు. గవర్రాజు ఇంటిల్లిపాదీ వచ్చేసరికి బల్లలు చాలలేదు. ప్రహరీ మీద వాళ్ళ పుంజు కాలికి పట్టుచీర పోగు ఈడ్చుకుంటూ తిరుగుతోంది. అయిదుగురూ దానికి దండం పెట్టి లోపలికొచ్చారు. చంద్రకాంతం జాడీ చంకన పెట్టుకుని నేరుగా త్రివిక్రమరావుగారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"రామ్మా. ఏవీ పుస్తకాలు?"

"ఇందులోనే ఉన్నాయండి. ఎవరూ ఏమీ చెయ్యలేరు."

వాసెన గుడ్డ విప్పి మూత తీసింది. ఆవఘాటుకి ముందు వరసలో ఉన్న పోస్టుమాస్టరుగారు తుమ్మారు. త్రివిక్రమరావుగారు కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, జాడీలోకి వంగి చూశారు. నూనెలో ఒక అట్టముక్క తేలుతోంది. దానిమీద గ్రంథాలయం ముద్ర కారంలోంచి ఎర్రగా కనిపిస్తోంది.

ఆయన అలాగే వంగి ఉండిపోయారు. ఆయన వింటున్నారనుకుని చంద్రకాంతం చేతులు కట్టుకుని స్పందన మొదలెట్టింది.

"ఫాంటసీ ముక్క గట్టిదండి. నమలడం కష్టం, ఇంకా ఊరాలి. హారర్ కొంచెం ఉప్పు తక్కువైంది. డిస్టోపియా కాగితం పల్చన, కలిపిన గంటకే మెత్తబడిపోయింది, రాబోయే కాలం దాకా ఆగేలా లేదు. మొత్తం మీద మూడూ ఇంట్లో జరిగాయి. మూడోరోజు తిరగకలిపితే రుచి తెలుస్తుంది."

వెనక బల్ల మీద ఎవరో, "ఈమధ్య విన్నవాటిలో ఇదే కాస్త అర్థమైంది" అన్నారు మెల్లగా.

ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పిన త్రివిక్రమరావుగారు నిటారుగా లేచి చెయ్యి చాపారు.

"నీ కార్డు ఇటియ్యి."

ఈ మాట వస్తుందని చంద్రకాంతానికి తెలుసు. రాత్రంతా ఆలోచించి తెల్లారకుండానే లేచి దానికి తగ్గ జాగ్రత్త చేసుకుంది. ఇంట్లో తనపేర ఉన్నది అదొక్కటే. దాన్ని దేవుడి పటం పక్కన వదిలి వస్తుందా?

"అది కూడా ఇందులోనే ఉందండి" అంది నిబ్బరంగా. "అన్నిటికంటే అడుగున వేశాను. పెళుసుగా ఉందని నాలుగు ముక్కలు చేశాను, పేరున్న ముక్కకి నూనె ఎక్కువ పట్టించాను. ఇంక ఏడాది దాకా దానికి ఏ రద్దూ తగలదు."

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి జాడీలోకి చెయ్యి పెట్టబోయారు. చంద్రకాంతం గబుక్కున మూత అడ్డం పెట్టింది.

"కాస్త చెయ్యి తుడుచుకోండి మాస్టారూ. తడి తగిలితే బూజు పడుతుంది. పుస్తకం పాడైతే కార్డు రద్దని మీరే కదా అన్నారు."