బర్నబాసు గారి మౌనం

మాకు గిటారు నేర్పే సువార్తయ్య మాస్టారిని ఏది అడిగినా ముందు గిటారు ఒళ్ళోకి తీసుకుని శ్రుతి చేసుకునేవారు. తీగలు కుదిరేలోపు సగం ప్రశ్నలు అడిగినవాళ్ళకే వెలవెలబోయినట్టు అనిపించేవి. మాతోపాటే నేర్చుకునే కిరీటి ప్రశ్న మాత్రం అలా పోలేదు. నిజానికి అది ప్రశ్న కూడా కాదు, ప్రశ్న వేషం వేసుకున్న గొప్ప.

"బర్నబాసు గారికి నన్ను మించిన అభిమాని ఎవరైనా ఉన్నారా మాస్టారూ?" అన్నాడు.

విశాఖలో గిటారు పట్టిన మా అందరికీ బర్నబాసు గారంటే దేవుడి తర్వాత దేవుడు. ఆయన వాయిస్తుంటే వెనక ఇంకెవరో కూడా వాయిస్తున్నారేమోనని తొంగి చూసేవాళ్ళం. అలాంటి మనిషి ఉన్నట్టుండి కచేరీలు మానేశారు. పెద్దవాళ్ళకి ఏదో వైరాగ్యం వస్తుందిలే అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. ఆ ఆదివారం ఊళ్ళో ఆయనకి సన్మానం. ఆయన కట్టిన 'రేవు' అనే బాణీని ఆయన ఎదుటే వాయించే అదృష్టం కిరీటికి దక్కింది.

ఆ బాణీకి ప్రాణం మధ్యలో వచ్చే మౌనం. స్వరాలు జోరుగా పైకెక్కుతూ ఒక్కసారిగా ఆగిపోతాయి. హాలంతా ఊపిరి బిగబట్టాక, మెల్లగా వేరే దారిన కిందికి దిగుతాయి. ఆయన మొట్టమొదట అలా ఆగిన కచేరీలో కిరీటి ముందు వరసలోనే ఉన్నాడు. పట్టలేక ఈల వేశాడు. ఆ వెంటనే చప్పట్లు హోరెత్తాయి. ఆనాటి వీడియోలో ఆ ఈల ఇప్పటికీ వినబడుతుంది. వినబడిందని ఒప్పుకునేదాకా కిరీటి ఎవరినీ వదలడు.

మాస్టారు శ్రుతి ముగించి, ఆ మాట ఆయన్నే అడుగుదాం పదమని లేచారు.

బర్నబాసు గారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఎడమచేతి మీద తువ్వాలు కప్పి ఉంది. ఆయన భార్య రూతమ్మ గారు లోపల చేపలు కడుగుతోంది. మాస్టారు చెప్పగా కిరీటి 'రేవు' మొదలుపెట్టాడు. బాగా వాయించాడు, అది కాదనకూడదు. వీడియోలో చూసి నేర్చుకున్నట్టే మౌనం దగ్గర ఉంగరం వేలు అరచేతిలోకి ముడుచుకుని ఆగాడు.

లోపల గిన్నె కిందపడ్డ చప్పుడైంది. రూతమ్మ గారు తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి, అతని చెయ్యి పట్టుకుని, ముడిచిన వేలిని గట్టిగా లాగింది. అది సులువుగా విచ్చుకుంది. ఆవిడ ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది.

"నీది బాగానే విచ్చుకుంటోందే బాబూ," అంది.

బర్నబాసు గారు తువ్వాలు తీశారు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ముడుచుకుపోయి, గోళ్ళు అరచేతిలో దిగి ఉన్నాయి.

'రేవు' మధ్యలో మొట్టమొదట ఆగిన ఆ కచేరీలోనే వేలు ఆయన మాట వినడం మానేసిందట. ఇక నావల్ల కాదని జనానికి చెప్పి లేచిపోదామనుకున్నారట. అప్పుడే చేతికి విశ్రాంతి ఇచ్చి ఉంటే వేలు దక్కేదని డాక్టరు తర్వాత అన్నాడట.

"గిటారు దించబోతుంటే ఎవరో ఈల వేశారు బాబూ," అన్నారాయన. "ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా ఆ మౌనమే అడిగారు. లేదనలేకపోయాను. చెయ్యి పూర్తిగా పోయేదాకా వాయించాను."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కిరీటి ఎలాగో తట్టుకునేవాడు. ఆ ఈల తనదేనని చెప్పబోయి, తన వేలి వైపు చూశాడు. రూతమ్మ గారు అతని వేలు ఇంకా వదల్లేదు.

మాస్టారూ అతనూ బస్టాపుకి వచ్చారు. అక్కడ కిరీటి గిటారు పెట్టె కింద పెట్టి, ఆదివారం తాను వాయించలేనన్నాడు. మీకిదంతా ముందే తెలుసా అని అడిగాడు. తెలుసన్నారు మాస్టారు. తెలిసీ ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమని అతను ఏడుపు గొంతుతో నిలదీశాడు.

మాస్టారు బస్సు వచ్చే వైపే చూస్తున్నారు.

"ఆయనకి నిన్ను మించిన అభిమాని లేడన్నావు," అన్నారు. "నేను కాదనలేదు కదరా."