రెల్లుపువ్వు తోక

ఇప్పలకోన అడవిలో ఉడుతలు, కుందేళ్లు, గోరింకలు, ముళ్లపందులు, ఒక కాకి, ఒక బావురుపిల్లి ఉండేవి. బుద్ధి కూడా ఉండేది. వాడేవాళ్లే తక్కువ.

కోన మధ్యలో పలుకుబండ అనే పెద్ద రాయి ఉంది. దాని మీద నిలబడి పాడినా, మాట్లాడినా చుట్టూ ఉన్న ఏడు గుట్టలకూ వినబడుతుంది. బండ మీద బాగా ఎండ పడుతుంది కాబట్టి ఆడేవాళ్లు అందరికీ కనబడతారు. కానీ ఆడేవాళ్లకు మాత్రం గుట్టల మీద పొదలే కనబడతాయి. ఆ పొదల్లో ఎవరున్నారో తెలియదు. "భలే! భలే!" అనే గొంతులు మాత్రం వస్తాయి.

ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా బండ ఎక్కడానికి ఎగబడేవాళ్లు. ఏం చెప్పమంటారు!

బండకు కాపలా కాకిది. ఆట నచ్చినవాళ్లు పళ్లో పప్పులో పొద బయట పెడితే కాకి మోసుకొచ్చేది. మోసినందుకు సగం తనే తినేది. పిల్లలు బండ ఎక్కకూడదని పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఉడుతకు తోక, కుందేలుకు చెవి జానెడు పెరగాలి. గోరింకకు ముక్కు పసుపు పచ్చగా మారాలి. కొలవడానికి కాకికి జానెడు పుల్ల కూడా ఇచ్చారు. కాకి ఆ పుల్లతో గూడు కట్టుకుంది.

మిణుకు అనే ఉడుత పిల్లకు బండ ఎక్కాలని మహా కోరిక. గాలిలో మూడు పల్టీలు కొట్టి నిలబడగలదు. అంత విద్య ఉండి ఎవరూ చూడకపోతే ఎలా అని దాని బాధ. తోక మాత్రం జానెడుకు ఇంకా బెత్తెడు తక్కువ.

వాళ్లమ్మ రోజూ పొద్దున్నే మేతకు వెళుతూ అరిచేది. "ఆ బండ జోలికి వెళ్లావో, జాగ్రత్త! అబద్ధం చెప్పావని తెలిసిందా, గూట్లోకి రానివ్వను!"

ఎందుకు వెళ్లకూడదో మాత్రం ఒక్కనాడూ కూర్చోబెట్టి చెప్పలేదు. అరిస్తే చెప్పినట్టేనని చాలామంది అమ్మల నమ్మకం.

ఒకరోజు మిణుకు వాగు ఒడ్డున తెల్లగా ఊగుతున్న రెల్లుపువ్వును కోసి, తోక చివర నారతో కట్టుకుంది. నేరుగా బండ దగ్గరికి వెళ్లింది.

"తోక జానెడుందా?" అంది కాకి.

"ఉంది."

"ఎక్కు."

అంతే. కాకి తల కూడా తిప్పలేదు.

మిణుకు పల్టీలు కొట్టింది. ఏడు గుట్టలూ "భలే" అన్నాయి. ఏడో గుట్ట మీది గొంతు అందరికంటే ఎక్కువగా అంది. రోజూ దొప్పెడు సారపప్పు కూడా పంపింది.

"నేనూ ఉడుతనే తల్లీ. నన్ను అన్నయ్యా అని పిలువు. నీలాంటి పిల్లను ఈ ఏడు గుట్టల్లో చూడలేదు!"

ఉడుతకు చెట్టెక్కడం ఒకరు నేర్పాలా? అయినా ఆ గొంతు మిణుకును చక్కగా మునగచెట్టు ఎక్కించింది.

బండ పక్కన ఒక సన్నని నెర్రె ఉంది. దానికి చెవి ఆనిస్తే అవతలి చివర ఉన్న ఒక్కరి మాటే వినబడుతుంది. ఇంకెవరికీ వినబడదు. నాలుగో రోజు అన్నయ్య మిణుకును ఆ నెర్రె దగ్గరికి రమ్మన్నాడు. అది వెళ్లింది.

"చెవిలో మోదుగుపువ్వు బాగుందే. మీ గూటి దగ్గరిదేనా?"

"అవును అన్నయ్యా, వాగు పక్కన చెట్టుంది."

"మీ అమ్మ ఇంట్లో ఉండదా?"

"పొద్దెక్కగానే మేతకు వెళుతుంది."

"ఇంత చిన్నపిల్లకు అంత తోకేమిటి? నిజం చెప్పు. నాకు మాత్రమే చెప్పు."

మిణుకు కిసుక్కున నవ్వి రెల్లుపువ్వు సంగతి చెప్పేసింది. అమ్మకు తెలిస్తే గూట్లోకి రానివ్వదని కూడా చెప్పింది. ఒక్క ప్రశ్నకైనా "నీకెందుకు?" అని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అడగలేదు.

పదో రోజు అన్నయ్య అన్నాడు. "రేపు మిట్టమధ్యాహ్నం జలపాతం పక్కనున్న ఎండు మద్దిచెట్టు తొర్రకు ఒక్కదానివే రా. నా ఒక్కడి కోసం పల్టీలు కొట్టాలి. మీ అమ్మకు చెప్పకు."

"అమ్మో, అంత దూరమా? నేను రాను."

ఆ గొంతులో తేనె అంతా ఒక్కసారిగా ఎండిపోయింది. "రాకపోతే నీ తోక సంగతి ఏడు గుట్టలకూ చెబుతాను. మీ అమ్మ నిన్ను గూట్లోకి రానివ్వదుగా? ఆలోచించుకో."

మిణుకు ఇంటికి పరిగెత్తింది. గూట్లో మూలకు నక్కింది. దాచుకున్న సారపప్పు బయటికి తీసింది. ఒక్కొక్కటే కిందికి విసిరేసింది.

ఆ చెట్టు వేళ్ల కింద ముళ్లపంది అవ్వ కాపురం. రాత్రంతా తిరిగి పగలు పడుకునే ప్రాణం. నెత్తిన టపటపా పప్పులు పడితే ఎలా ఉంటుంది?

"ఎవరే అది? పగలంతా పైన మీ గోల! నేనెప్పుడు నిద్రపోవాలే?" అంటూ అవ్వ బయటికి వచ్చింది. కింద పడ్డది చూసి ఆగిపోయింది. ఉడుత సారపప్పు పారేయడం తన బతుకులో చూడలేదు.

"కిందికి రావే అమ్మడూ. ఏమైంది?"

మిణుకు మెల్లగా దిగింది. "తిడతావా అవ్వా?"

"తిడతాను. కానీ తరవాత. ముందు చెప్పు."

మిణుకు ఏడుస్తూ అంతా చెప్పింది. వింటుంటే అవ్వ ముళ్లు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి.

"ఓసి పిచ్చిదానా! అన్నయ్య ఉడుతైతే చెట్టెక్కి మీ ఇంటికే రావచ్చుగా? పది రోజుల్లో ఒక్కసారైనా తన తోక చూపించాడా?"

మిణుకు తల అడ్డంగా ఊపింది.

సాయంత్రం వాళ్లమ్మ వచ్చాక అవ్వ మిణుకును పక్కన నిలబెట్టుకుని విషయమంతా చెప్పింది. అమ్మ అరవబోయింది. అవ్వ ముళ్లు గలగలలాడించింది. అమ్మ నోరు మూసుకుంది. బిడ్డను గట్టిగా పట్టుకుంది.

"గూట్లోకి రానివ్వనని నోటికొచ్చినట్టు అన్నానే. నువ్వు నిజమనుకున్నావా?" అని ఏడ్చింది.

"అనుకున్నానమ్మా," అంది మిణుకు.

మరునాడు మిట్టమధ్యాహ్నం అవ్వ ఆవులిస్తూ ఎండు మద్దిచెట్టు దగ్గరికి వెళ్లింది. తొర్రలోంచి గొంతు వినబడింది.

"వచ్చావా బంగారం? లోపలికి రా."

"వచ్చాను నాయనా," అని అవ్వ వెనక్కి తిరిగి, ముళ్లన్నీ విప్పుకుని తొర్రలోకి దూరింది.

"మ్యావ్!" అన్న కేక కోనంతా మారుమోగింది. బావురుపిల్లి మూతి నిండా ముళ్లతో బయటపడి, దారీతెన్నూ తెలియక పలుకుబండ మీదుగానే పారిపోయింది. ఎండలో ఏడు గుట్టల వాళ్లూ చూశారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, అవ్వ చెప్పగా పిల్లి పన్నాగం తెలిసి, అప్పుడు పెద్దలంతా బండ దగ్గర చేరారు. తప్పు నీదంటే నీదని ఒకటే అరుపులు.

"నేను అందరినీ అడిగాను. జానెడుందన్నారు. నా తప్పేముంది?" అంది కాకి.

"అడిగావు. చూశావా?" అంది అవ్వ.

కాకి తన గూటి వైపు చూసింది.

కుందేలమ్మ మూతి తిప్పింది. "పెంపకం బాగుండాలమ్మా. మా పిల్లలైతే ఇలాంటివాళ్లు కాదు."

ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ప్రతి అడవిలోనూ ఒక కుందేలమ్మ ఉంటుంది.

అప్పుడు మిణుకు బండ ఎక్కింది. రెల్లుపువ్వు విప్పి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"నా తోక జానెడు లేదు. ఇది కట్టుకుని అబద్ధం చెప్పాను. దీన్ని అడ్డం పెట్టుకునే ఆ పిల్లి నన్ను బెదిరించింది. ఇప్పుడు నేనే చెప్పేశాను. ఇక నన్ను దేనితో బెదిరిస్తుంది?"

మూడో గుట్ట మీంచి ఒక చిన్న గొంతు వచ్చింది. "నేనూ ముక్కుకు పుప్పొడి రాసుకున్నాను." అది గోరింక పిల్ల.

"నేనూ రెల్లుపువ్వే కట్టాను." అది ఐదో గుట్ట ఉడుత.

తరవాత కుందేలమ్మ వెనక నుంచి ఇంకో గొంతు వచ్చింది. "అమ్మా, నా చెవి చివరిది ఆకు. ఆ అన్నయ్య నన్ను రేపు రమ్మన్నాడు."

కుందేలమ్మ నేల మీద కూలబడింది. మిగతా పెద్దలు ఎవరి పిల్లను వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. ఆ తరవాత ఎవరూ ఎవరి పెంపకం గురించీ మాట్లాడలేదు.

ఆ రోజే కాకి గూట్లోంచి జానెడు పుల్ల పీకించారు. గూడు సగం ఊడిపోయింది, ఎవరూ జాలిపడలేదు. నెర్రెను మట్టితో పూడ్చేశారు. పెద్దలు రోజుకొకరు చొప్పున బండ దగ్గర కూర్చోవాలని, ప్రశ్నలు అడిగేవాళ్లు ముందు పొద దాటి ఎండలోకి రావాలని నిర్ణయించారు. అవ్వ మిణుకును తిడతానన్న తిట్లు మరచిపోకుండా తిట్టి, వెళ్లి పడుకుంది.

మిణుకు తోక జానెడు కావడానికి ఇంకో చలికాలం పట్టింది. ఆ రోజు అది బండ ఎక్కి మూడు పల్టీలు కొట్టింది. వాళ్లమ్మ ఎదురుగా ఎండలో కూర్చుని చూసింది.

బావురుపిల్లి పక్క అడవికి పోయిందట. మూతి మీద గాయాలు మానాయట. అక్కడి పలుకుబండ దగ్గర "నేనూ కుందేలునే తల్లీ" అంటోందట.

నీతి: తన ముఖం చూపించకుండా నీ గుట్టు అడిగేవాడు అన్నయ్య కాడు. తప్పు చేసినా సరే, వెంటనే ఇంట్లో చెప్పు. పెద్దలారా, మీరు ముందు వినండి, తిట్లు తరవాత.