నలుసు దిగిన చోటు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త కొప్పాడ మంగతాయి. ఇంకెవరూ కాదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెబుతాను. నిద్రొస్తే కళ్ళు మూసుకో బంగారూ, చెవులు మాత్రం తెరిచి ఉంచు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరు ఉప్పుటేటి అడుగున ఉంది. మడచెట్ల నీడ పడే మలుపులో, బురద మీద, ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఆల్చిప్పల దిబ్బ అది. దానికి పేరు లేదు. వాసన ఉంది. అక్కడ పుట్టినవాళ్ళకి ఆ వాసన చాలు.

ఆ దిబ్బ మీద ఒక తల్లి ఆల్చిప్ప ఒక వేసవి పున్నమికి తన బిడ్డల్ని నీళ్ళలోకి వదిలింది. లక్షల బిడ్డలు. అందులో ఒకదాని పేరు నలుసు. కంట్లో పడితే తప్ప ఉందని తెలియనంత ఉండేది. ఒంటికి సన్నటి నూగు. ఆ నూగు గిరగిరా తిప్పితే పైకి తేలుతుంది, ఆపితే కిందికి దిగుతుంది. దానికి వచ్చిన విద్య అదొక్కటే.

అప్పుడు ఏటి నీళ్ళు వెనక్కి తీశాయి. దాన్ని ఆటు అంటారు. ఆ ఆటు బిడ్డలందర్నీ సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. నలుసు తల్లిని చూడలేదు. దానికి అప్పటికి కన్ను రాలేదు. తల్లికైతే కళ్ళే లేవు. వాసన ఒక్కటి దాని వెంట కొంత దూరం వచ్చింది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

సముద్రంలో మొదట చేపపిల్లలు వచ్చి సగం మందిని తినేశాయి. ఆ తర్వాత గొడుగులా ఉండి నీళ్ళలో కనిపించని జీవి వచ్చి మిగిలినవాళ్ళలో సగాన్ని లాగేసింది. ఆ తర్వాత పెద్ద వాన పడి పైనీళ్ళన్నీ చప్పబడ్డాయి. ఉప్పు లేక ఇంకొందరు పోయారు. నలుసు నూగు ఆపేసి అడుక్కి దిగి బతికింది. పక్కనే తునక అనే దాని అక్క బతికింది.

పచ్చటి నాచు పొడి తిని ఇద్దరూ పెరిగారు. ఒంటి మీద రెండు చిప్పలు వచ్చాయి. చుక్కంత కన్ను వచ్చింది. నాలుకలాంటి కాలు వచ్చింది. కాలు వచ్చిందంటే ఇక ఇల్లు చూసుకోవాలి. ఆల్చిప్ప బిడ్డ ఒక్కసారే కాలు పెడుతుంది. కాలు పెట్టి, జిగురు కార్చి అంటుకుంటే ఇక చచ్చేదాకా అక్కడే. పోనీ అని పెట్టకుండా తిరుగుతూ ఉంటే ఓపిక కరిగిపోతుంది. అప్పుడు ఎక్కడా పెట్టలేదు.

నలుసుకి కాలు వచ్చిన రోజునుంచి ఆ వాసన మీద బెంగ పట్టుకుంది. నాచు తింటుంటే గుర్తొచ్చేది. తినకపోతే మరీ గుర్తొచ్చేది.

"అక్కా, ఇంటికి పోదాం," అంది.

"ఈ నూగుతో సముద్రానికి ఎదురీదుతావా? నీళ్ళు నవ్వుతాయే," అంది తునక.

"ఎదురీదొద్దు. నీళ్ళు ఏట్లోకి ఎక్కేటప్పుడు మనం పైకి తేలదాం. దిగేటప్పుడు అడుక్కి పోయి బురదని ఆనుకుని ఉందాం."

అలాగే చేశారు. నీళ్ళు ఏట్లోకి ఎక్కడాన్ని పోటు అంటారు. ఒక పోటుకి ఏరు సముద్రంలో కలిసే మొగ కనిపించింది. మళ్ళీ పోటుకి ఏట్లో పడ్డారు. మూడో పోటుకి మడచెట్ల నీళ్ళ చవి నోటికి తగిలింది. ఆటు వచ్చిన ప్రతిసారీ సగం దూరం వెనక్కే పోయేది. అయినా సగం మిగిలేది కదా.

అప్పుడు మెత్తటి బురద కనిపించింది. నలుసు కాలు చాచి తడిమింది. బురద కాలిని మింగబోయింది. లాక్కుని పైకి వచ్చేసింది.

ఆ తర్వాత రేవులో సిమెంటు దిమ్మ కనిపించింది. శుభ్రంగా, గట్టిగా ఉంది. ఎండ తగలదు, బురద అంటదు. నలుసు దాని మీద నడిచింది. ఇటు నుంచి అటు నడిచింది, అటు నుంచి ఇటు నడిచింది. ఏ వాసనా లేదు.

"ఇంతకన్నా మంచి చోటు రాజులకి కూడా దొరకదు," అంది తునక.

"మంచిదే," అంది నలుసు. అని వదిలేసింది.

ఆ తర్వాత ఒక పడవ అడుగు కనిపించింది. అక్కడ అప్పటికే పదిమంది తోబుట్టువులు అంటుకుని ఉన్నారు. పైన పడవలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. సున్నపు బట్టీకి చిప్పలు ఏరే ధనమ్మ, పడవ నడిపే ఆమె మరిది గంగరాజు.

"వదినా, మలుపులో దిబ్బంతా గోకేశావు. ఉత్త చిప్పలన్నా ఏట్లో వదలాలని నాన్న అనేవాడు కాదూ," అన్నాడు గంగరాజు.

"అనేవాడు. బట్టీ చల్లారనివ్వొద్దని కూడా అనేవాడు. నేను ఏది వినాలి?"

"ఒకటన్నా మిగిల్చావా?"

"మడవేరులో ఇరుక్కున్నది ఒకటి రాలేదు. అంత జాలి ఉంటే నువ్వే వెళ్ళి దానికి పసుపు రాసి రా. ముందు ఆ గెడ వెయ్యి, ఉన్నచోటే తిరుగుతున్నాం."

కింద నలుసు నూగు ఆగిపోయింది.

"విన్నావా, ఊరే లేదు. ఇక్కడ కాలు పెట్టు. నలుగురం ఒకచోట ఉంటాం," అంది తునక.

"నీకు ఆ వాసన గుర్తు లేదా అక్కా?"

"ఉంది. నీకన్నా ఎక్కువే ఉంది. ఓపికే లేదు." అని తునక పడవకి కాలు ఆనించి జిగురు కార్చింది.

తునకని ఏమీ అనకు బంగారూ. అలసిపోయినవాళ్ళు ఎక్కడో ఒకచోట దిగాలి. ఆ పడవ ఆ తర్వాత ఏ రేవుకి పోయిందో ఈ కథలో లేదు.

నలుసు ఒక్కతే బయల్దేరింది. తల్లి దగ్గరనుంచి వచ్చి అప్పటికి పదిహేను రోజులంటారు కొందరు. పద్దెనిమిది. అమావాస్య వెళ్ళిన మూడోనాడు, మధ్యాహ్నపు పోటుకి అది మలుపు చేరింది. దిబ్బ లేదు. తట్టలు గోకిన గాట్లున్న బురద ఉంది. నలుసు పైకి తేలింది, కిందికి దిగింది, మళ్ళీ తేలింది. నూగు సగం తిరిగి ఆగిపోతోంది. ఇంకొక్క ఆటు వస్తే అడ్డుకునే ఓపిక లేదు.

అప్పుడు సన్నగా, చాలా సన్నగా, వాసన తగిలింది.

మడవేరు సందులో ఒక ఉత్త చిప్ప. లోపల ఎవరూ లేరు. నలుసు దాని మీద కాలు పెట్టి ఇటూ అటూ తిరిగింది. అమ్మదేనా, పక్కింటి వాళ్ళదా, తెలీదు. అడిగితే చెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు వెనక్కి తీయడం మొదలైంది. నలుసు జిగురు కార్చింది.

అంటుకున్న ఆల్చిప్పకి కాలు పోతుంది. కన్ను కూడా పోతుంది. నలుసుకి రెండూ పోయాయి. వెతకడానికి ఇక ఏమీ లేదు. నీళ్ళు లోపలికి పీల్చడం, బయటికి వదలడం, అంతే దాని బతుకు. ఒక వానాకాలం అలా గడిచింది. ఒక చలికాలం గడిచింది. నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరన్నా ఉన్నారేమోనని కాసేపు ఎక్కువే తెరిచి ఉంచేది.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం పోటులో దాని వీపు మీద ఏదో నడిచింది. ఇటు నుంచి అటు నడిచింది, అటు నుంచి ఇటు నడిచింది.

"ఎవరది?" అంది నలుసు.

"కాలు పెట్టనా?" అంది ఒక చిన్న గొంతు.

"దారి ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నీ వాసన వచ్చింది."

నలుసు ఒక గుక్క నీళ్ళు లోపలికి పీల్చి వదిలింది. ఆ తర్వాత, "గట్టిగా అంటుకో అమ్మా. ఇక్కడ ఆటు జోరెక్కువ," అంది.

కథేమో కంచి చేరింది,
కునుకేమో కంట దూరింది.

నువ్వు పడుకో. ఇక ఈ మాట పెద్దవాళ్ళకి. ఆ మలుపులో దిబ్బ మళ్ళీ లేచింది. మా తోడికోడలు సూరమ్మ ఈ కథ ఎవరికి చెప్పినా, నలుసుని అల కొట్టుకొచ్చి అక్కడ పడేసిందని చెబుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడకి చెబుతున్నాను, వినదు. పోటు మీద పోటు ఎక్కి, మూడు చోట్లు కాదనుకుని వచ్చినదాన్ని అల పడేసిందనడం ఏం న్యాయం? నాకు రాత అంతంత మాత్రం. ఎక్కడన్నా అలా రాసి ఉంటే, చదువొచ్చినవాళ్ళు ఎవరన్నా ఆ మాట కొట్టేసి, తనే వెతుక్కుని దిగింది అని దిద్దండి.